ఇరవయ్యారు మీద మార్కు దండయాత్ర

చింతపల్లి కొండల మీదినుండి దిగిన మంచు వరాహనది ఇసుకలో ఇంకక మునుపే, మాకవరపాలెం తోవన చెరకు ట్రాక్టర్లు ఘీంకరించుచు కదలక మునుపే, అబీద్ సెంటరున తొలి టీగ్లాసు తొలి గుటకను చూడక మునుపే, మట్టల ఆదివారమునకు సరిగా ఎనిమిది దినములు మిగిలియున్న ఒకానొక శనివార ప్రాతఃకాలంబున, నర్సీపట్నమను నగరంబున, నీళ్ళటిన్నుల మూడుచక్రాల రథంబునకు అధిపతియు, ఇరువది లీటర్ల టిన్నును ఒక్క ఊపున భుజాగ్రంబున నిలుపు మహాబాహుండును, చర్చి సంఘంలో ఇరువదేడేండ్లుగా, తాటిమట్టలు పట్టి సాగు మట్టల ఊరేగింపునకు అగ్రభాగాన నడచి పాట ఎత్తు గంభీరకంఠుండును అగు మార్కు అను వీరుండు తన మణికట్టు వైపు చూచెను.

ఇరవై ఆరు. ఎర్రరంగులో.

ఇంతకూ ఆ గడియారం ఎట్టిదనిన, పొట్ట కింద పచ్చని నేత్రంబులు దాచుకొన్నది. అడుగులను లెక్కించునది, నిద్రను తూచునది, కూర్చున్నవానిని లెమ్మని ఆజ్ఞాపించునది. నరుని నాడీరహస్యంబులను కనుగొని నలుగురిలో బయటపెట్టునది. దానిని క్రిస్మస్‌కు కూతురు జెన్నీ తెచ్చి తండ్రి చేతికి కట్టింది. జెన్నీ అనకాపల్లిలో ఫిజియోథెరపిస్టు. అంతకుముందు మార్కుకు గడియారమే లేదు. ఎండను చూసి టైము చెప్పేవాడు. తప్పేవాడు కాదు.

ఆ యంత్రం చూపు అంకెలన్నింటిలోకి మహోగ్రమైనది వీఓటూ మ్యాక్స్ అనునది. ఒళ్ళు ఎంత కష్టపడితే ఎంత ప్రాణవాయువును వాడుకోగలదో చెప్పే అంకె అట. ఎక్కువుంటే దమ్మున్నవాడు. తక్కువుంటే లేనివాడు. ఇరవయ్యారు వరకు ఎరుపు. ఇరవయ్యేడు నుంచి నారింజ. ఆపైన పచ్చ, ఆపైన ఊదా, కాని అంత ఎత్తుకు మన వీరుని కథ పోదు.

"ఏటది, ఇయ్యాల కూడా ఎరుపేనా?" అని వంటింట్లోంచి భార్య పరిమళ అడిగింది.

"ఊఁ."

"ఊఁ ఏటి ఊఁ? అంకె సెప్పు."

"ఇరవయ్యారు."

"అయితే ఊరేగింపుకి ఆటోయే. నారింజ వస్తేనే నడక. పాస్టరు షాలేమ్‌రాజు గారికి సెప్పీసినాను. రాజులమ్మ మామ్మ పక్కన నీకు సీటు ఉంచుతామన్నారు."

హా, ఆటో! ఊరేగింపు తోకన మైకుసెట్టును మోయుచు నత్తవలె పాకునది. మోకాళ్ళ నొప్పులవారికిని, చూపు మందగించినవారికిని, వక్కాకు సంచి ఒడిలో పెట్టుకొన్న తొంబదేండ్ల రాజులమ్మకును శరణాలయమైనది! ఆ ఆటోలో, ఆంప్లిఫయరు వేడి తొడకు తగులుచుండగా, తాను ఎత్తవలసిన పాటను వేరొకడు ఎత్తగా, మార్కు మూటవలె కూర్చుండవలె.

పరిమళ పట్టుదలకు కారణం లేకపోలేదు. పోయిన ఏడు ఊరేగింపులో, మూడో చరణం నడుమ, మార్కు కరెంటు స్తంభం పట్టుకొని ఆగిపోయాడు. మూడు ఊపిర్లు తీసి మళ్ళీ అందుకున్నాడు. మూడే. కాని పరిమళ చూసింది. ఆమె అన్న కూడా ఒకనాడు అలాగే గోడ పట్టుకొని నిలబడి, అక్కడే కూలబడి, మళ్ళీ లేవలేదు. ఆనాటినుంచి ఎవరైనా దేన్నయినా పట్టుకొని నిలబడితే ఆమె గుండె జారిపోతుంది.

అప్పుడు ఆ వీరుని హృదయాంతరాళంబున ఈ ప్రసంగము ప్రతిధ్వనించెను. "ఓసీ పరిమళా! ఇరువదేడు వత్సరంబులు ఈ కంఠంబు ముందు నడువగా వెనుక ఊరు నడిచెను గదే! మేళములు అడ్డువచ్చినను, లారీలు హారనులు మ్రోగించినను, మిట్టమధ్యాహ్న మార్తాండుడు మాడ్చినను శ్రుతి తప్పని నన్ను, నేడొక బొత్తామంత యంత్రము మాట పట్టి రాజులమ్మ పక్కన కూర్చుండబెట్టెదవా? ఆ అంకెను నేను జయించెద! ఇరువదియేడును పాదాక్రాంతము చేసికొనెద! లేనిచో నా పేరు మార్కు కాదు!"

ఇంత మనసులో అనుకొని, నోటితో, "సరే" అన్నాడు.

అంతట సమరం మొదలాయెను. దమ్ము చూపిస్తే అంకె పెరుగుతుందని మార్కు లెక్క. ఎవరికైనా అదే లెక్క. కనుక ఆదివారం ఆరాధనకు పోయివచ్చి, సోమవారంనుంచి రథంబున పన్నెండు టిన్నులకు బదులు పదునారు నిలిపి, తలపాగా బిగించి, పెదబొడ్డేపల్లి తోవ మిట్టను శత్రుదుర్గంబుగా భావించి, దంతంబులు దంతంబులతో నొరయ, కండరంబులు త్రాళ్ళవలె పొంగ, స్వేదధారలు సెలయేళ్ళవలె పారి చొక్కాను ముంచెత్త, చక్రంబులు కిఱ్ఱుకిఱ్ఱున మొరవెట్ట, గుండె నూటయాభైరెండు కొట్టగా, దుర్గంబునెక్కి, మీద నిలిచి, జయధ్వానము చేయ నోరు తెరచి, ముందుగా గడియారం చూచెను.

ఇరవై ఆరు.

మంగళవారం పద్దెనిమిది టిన్నులు. ఇరవై ఆరు. బుధవారం ఇరవై టిన్నులు, అవి రథానికి ఎన్నడూ ఎరుగని భారం. మార్కు నడుముకు తువ్వాలు చుట్టి తోశాడు. మిట్ట పైకెక్కేసరికి గడియారం మణికట్టును చిన్నగా గీరింది.

ఇరవై అయిదు.

అయ్యో వీరుడా! ఏనుగువలె పోరి ఎలుకవలె తగ్గితివే!

ఆ దుఃఖభారంతో టీ దుకాణం చేరగా అక్కడ జగదీశ్వరరావు గారు కూర్చుని ఉన్నారు. ఈయన కోటవురట్ల తోవలో జీడితోట గల ఆసామి. అరవై రెండేళ్ళవాడు. మార్కు దగ్గర రోజూ రెండు టిన్నులు తీసుకుంటాడు. ఆయన చేతికీ అట్టి గడియారమే ఉంది, అల్లుడు ఇచ్చింది. ఆయన అంకెకు ఊదారంగు.

"ఏటి మార్కూ, ఎంతొచ్చింది?"

"ఇరవయ్యయిదండి."

"ఓరి నాయనో! నిన్న ఇరవయ్యారు కదా! నాది సూడు. నలభయ్యారు. కింద ఏటి రాసిందో తెల్సా? నా ఒంటి వయసు ఇరవై అంట. ఇరవై! మా ఆవిడికి సూపిస్తే, అయితే నీకింకా పెళ్ళి కానేదన్నమాట, ఎల్లి సంబంధం సూసుకో అంది."

టీ దుకాణమంతా నవ్వింది. మార్కు గ్లాసు కింద పెట్టాడు. జగదీశ్వరరావు గారి పొట్టను చూశాడు. తన పొట్టను చూసుకున్నాడు.

గురువారం ఉదయం, దైవము తెర తొలగించెను. కోటవురట్ల తోవలో జీడిపిక్కల బట్టీకి టిన్నులు వేసి తిరిగి వస్తూ మార్కు ఒక మహాదృశ్యంబును కాంచెను. ఎదుటినుండి మత్స్యరాజు చెరకు ట్రాక్టరు రోడ్డంతా తానై, ఇరుప్రక్కల చెరకు వెన్నులు చామరంబులవలె వీచుచుండ, మనిషి పరుగెత్తు వేగంబున మాత్రమే కదలి వచ్చుచుండెను. దాని వెనుక, దాటిపోవ చోటులేక, మోపెడ్ మీద సుఖాసీనుండై, రెండు కాళ్ళును ముందుకు చాచి, ట్రాక్టరునుంచి లాగిన చెరకుముక్కను నములుచు, జగదీశ్వరరావు గారు వచ్చుచుండిరి. ఆ క్షణమున ఆయన మణికట్టు కీచుమనెను.

"గొప్ప పరుగంటండోయ్!" అని ఆయన పిప్పి ఉమ్మి, మణికట్టు ఎత్తి చూపించాడు. "గుండె డెబ్బయ్యెనిమిదే కొట్టుకుంటంది మార్కూ! గంటకి పదకొండు కిలోమీటర్లు! సూడు!"

"మీరు పరిగెట్టనేదు కదండి" అన్నాడు మార్కు.

"అయితే ఏటి? రోజూ ఇంటికాడ బయల్దేరేటప్పుడు నొక్కుతాను. అందులో ఒకడు బేగి ఎల్తన్నట్టు బొమ్ముంటాది కదా. మనవూ బేగెల్తన్నాం కదాని అదే నొక్కుతాను. తప్పా?"

ఆయన ముఖంలో కపటం లేదు. ట్రాక్టరు మీదినుంచి మత్స్యరాజు వెనక్కి తిరిగి, "బాబుగారూ, మిమ్మల్ని పరిగెట్టిస్తన్నది నేనేనండీ, నాకూ ఒకటి కొనండి!" అని కేక వేశాడు.

మార్కు ఆ పూట అక్కడే కల్వర్టు మీద కూర్చొని జెన్నీకి ఫోను చేశాడు. అతను తానుగా ఫోను చేయడం ఏడాదికి ఒకటి రెండుసార్లే. జెన్నీ భయపడింది.

"నాన్నా, ఏమైంది?"

"ఏటీ కాలేదు. బండి తోస్తే తగ్గుతాది, బండెక్కితే పెరుగుతాది. ఏటిది?"

టిన్నుల సంగతీ, జగదీశ్వరరావు గారి మోపెడ్ సంగతీ ఒక్కో ముక్కగా లాగి ఇది అర్థం చేసుకోవడానికి జెన్నీకి రెండు నిమిషాలు పట్టింది. తరువాత నవ్వింది. తరువాత చెప్పింది.

"నాన్నా, దానికి రెండే తెలుసు. నువ్వెంత బేగి కదిలావు, నీ గుండె ఎంత కొట్టుకుంది. మెల్లగా కదిలి గుండె ఎక్కువ కొట్టుకుంటే, పాపం ఈయనకి దమ్ము లేదనుకుంటాది. నీ ముందర మూడు వందల కేజీల నీళ్ళున్నాయని దానికెవరు చెప్తారు? ఆయనేమో కూర్చుని పదకొండు మీద వెళ్తే, అబ్బో అనుకుంటాది. నిజంగా కొలవాలంటే మూతికి మాస్కు కట్టి, మిషను మీద పరిగెట్టించి, పీల్చే గాలీ వదిలే గాలీ కొలుస్తారు. ఇది ఊహిస్తాది అంతే. ఉత్తి చేతుల్తో రోజూ ఒకేలా నడిస్తే, నెలల మీద పెరుగుతోందా తగ్గుతోందా చూసుకోడానికి పనికొస్తాది. ఒక్క అంకె మీద ఒట్లు పెట్టుకోకూడదు."

మార్కు ఇంటికి వచ్చి ఫోను పరిమళకిచ్చి ఇదంతా మళ్ళీ చెప్పించాడు. తాను చెప్పాలంటే చాలా మాటలు.

పరిమళ అంతా విన్నది. "ఊహించే దాన్ని ఎందుకు కొన్నావే మరి?"

"నువ్వే కదమ్మా అడిగావు, మీ నాన్న నిద్రపోతన్నాడో కళ్ళు మూసుకున్నాడో తెలీట్లేదని."

"సరే. ఊహే అనుకో. ఊహించినా ఎరుపే ఊహించింది గానీ పచ్చ ఊహించనేదు కదా. నేనొప్పుకోను. మా అన్నకీ ఏటీ లేదనే ఊహించారు అందరూ."

పరిమళ ఫోను తిరిగి మార్కు చేతిలో పెట్టి వంటింట్లోకి పోయింది.

శుక్రవారం ప్రలోభము ఎదురాయెను. జగదీశ్వరరావు గారు మోపెడ్ ఆపి, వెనుక సీటు దులిపి, "ఎక్కు మార్కూ. మత్స్యరాజు బండి వస్తంది. రెండు రోజులు దాని ఎనకాల తిరిగితే నీకూ ఇరవయ్యేడేటి, ముప్పయ్యేడొస్తాది. ఎవరికి తెలుస్తాది?" అనెను.

మార్కు ఆ సీటును చూచెను. నల్లని మెత్తని సీటు. ఆహా, ఎంత చేరువన ఇరువదియేడు! "ఓ అశ్వారూఢుడా! ఒరుని చక్రముల వేగంబు నా ఊపిరియని చూపి, ప్రభువు సన్నిధిని ఏ ముఖంబుతో పాట ఎత్తుదును?" అని ఆ వీరుడు లోలోపల గర్జించి, పైకి, "నాకొద్దండి" అన్నాడు.

"పోనీ టిన్నులైనా ఎయ్యి" అని ఆయన వెళ్ళిపోయాడు.

ఇక మిగిలినది శనివారం ఒక్కటే. ఆనాడు మార్కు తన జన్మలో ఎరుగని యుద్ధమునకు పూనుకొనెను. రథము లేకుండ, టిన్ను లేకుండ, ఒట్టి చేతులతో, ఏ పనీ లేకుండ రోడ్డు మీద నడచుటకు!

మాకవరపాలెం తోవ పట్టాడు. చల్లగా ఉంది. పాదములు తేలికగా లేచినవి. కాని చేతులు? ముప్పదియేండ్లుగా హేండిలు పట్టిన ఆ చేతులు ఎక్కడ ఉండవలెనో వాటికి తెలియలేదు. అవి తమంత తాముగా ముందుకు చాచుకొని, పిడికిళ్ళు బిగించుకొని, లేని బండిని తోయసాగెను. కిందికి దించాడు. పదడుగులకు మళ్ళీ లేచినవి. జేబుల్లో పెట్టబోయాడు. లుంగీకి జేబులెక్కడివి? ఇట్లు అదృశ్యశకటమును తోయుచు, గాలిలో మలుపులు తిప్పుచు, గోతులు వచ్చినపుడు మణికట్లు ఎత్తి చక్రము దాటించుచు, ఆ మహారథి రథరహితుండై సాగిపోవుచుండగా, పాలకేంద్రం దగ్గర జనం బిందెలు దించి చూచిరి.

"మార్కన్నా! బండి ఏదీ?"

"ఇంటికాడ."

"మరి తోస్తన్నావు?"

మార్కు ఆగలేదు. ఆగితే అంకె పోతుంది. గుండె తొంబై తొమ్మిది. బాగుంది. బాగుందని చూసుకోగానే నూట ఆరు. ఎందుకు పెరిగిందని చూడగానే నూట పన్నెండు. చూచుటయే శత్రువని గ్రహించి చూపును చెరకుతోటల మీదికి మరల్చెను. అప్పుడు ఒక కుక్క అతని చాచిన చేతులను చూచి, తనను పట్టుకొన వచ్చుచున్నాడని భ్రమించి, మొరిగి వెంటబడెను. నూట ముప్పై ఎనిమిది.

మూడు కిలోమీటర్లు పోయి, మూడు వచ్చి, ఊరి మొగ కల్వర్టు వద్ద నిలిచి, కళ్ళు మూసి, తెరచి, చూచెను.

ఇరవై ఆరు. ఎరుపు.

బుధవారం పోయినది తిరిగి వచ్చింది. అంతకన్న ఏమీ రాలేదు. మార్కు కల్వర్టు మీద కూర్చున్నాడు.

అప్పుడే అవతలనుంచి ఎగశ్వాసలు వినిపించెను. జగదీశ్వరరావు గారు! పెట్రోలు అయిపోయిన మోపెడ్‌ను, దాని మీద జీడిపిక్కల బస్తాతో సహా, రెండు చేతుల తోయుచు, ముఖము కందగడ్డయై, తువ్వాలు జారి, అడుగొక యుగముగా వచ్చుచుండిరి. కల్వర్టు చేరి, బండికి స్టాండు వేసి, మణికట్టు చూసుకొని, కెవ్వున అరిచిరి.

"మార్కూ! నలభై నాలుగు! ఒంటి వయసు ముప్పయ్యొకటంట! ఒక్క పూటలో పదకొండేళ్ళు ముసిలోణ్ణయిపోయానురా నాయనా!"

మార్కు లేచి మోపెడ్ హేండిలు అందుకున్నాడు. చేతులకు ప్రాణం లేచివచ్చింది. ఇంటిదాకా తోశాడు.

పరిమళ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. జగదీశ్వరరావు గారు తన పతనాన్ని ఆమెకు ఆమూలాగ్రం చెప్పుకున్నారు. ఆమె గ్లాసు పట్టుకొని అలాగే నిలబడిపోయింది.

"అంటే, బండి తోస్తే మీకూ తగ్గిందా?"

"తగ్గిపోనాదమ్మా! అరకిలోమీటరు తోసినాను. అంతే!"

పరిమళ మార్కు వైపు చూసింది. మార్కు మజ్జిగలో కరివేపాకు తీస్తున్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు, రేపు ఊరేగింపువాళ్ళు తాగడానికి పన్నెండు టిన్నులు చర్చికి వేయాలి. చర్చి ముందర మిట్ట ఉంది. మార్కు బండి మీద చేతులు వేయగానే పరిమళ చెంగు నడుముకు దోపుకొని పక్కకు వచ్చింది. అరచేయి అతని వీపు మీద పెట్టింది.

"పాడు."

"ఏటి?"

"రేపు పాడే పాట. కిందనుంచి పైదాకా. మూడు చరణాలు. ఎక్కడ ఊపిరి తెగినా నాకు తెలుస్తాది. ముప్పయ్యారేళ్ళబట్టీ నీ గురక ఇంటన్నాను, నాకు తెలీదా?"

అంతట, ఓ నర్సీపట్నపు గాలులారా, మీరు సాక్షులు! రెండువందల నలభై లీటర్ల నీటిభారమును ముందుంచుకొని, ఇల్లాలి అరచేతిని వెనుకనుంచుకొని, ఆ గంభీరకంఠుండు స్వరమెత్తెను. మొదటి చరణంబున చక్రములు కదలెను. రెండవ చరణంబున మిట్ట వంగెను. మూడవ చరణము మధ్య, పోయిన ఏడు స్తంభము పట్టుకొన్న పాదము వచ్చినపుడు, పరిమళ వేళ్ళు అతని చొక్కాను బిగించి పట్టుకొన్నవి. పాట తెగలేదు. చర్చి గుమ్మం ముందు ముగిసింది.

ఆమె చేయి చాలాసేపటిదాకా తీయలేదు.

"మరి పోయినేడు ఎందుకు ఆగిపోనావు?"

మార్కు టిన్ను దించాడు. "ఆ పొద్దున్న పెళ్ళోరింటికి ముప్పయ్యారు టిన్నులు మోసినాను."

"ఆ మాట అప్పుడే సెప్పొచ్చు కదా!"

"నువ్వడగనేదు."

ఏడాదంతా పరిమళ దిండు కింద పెట్టుకొని పడుకున్న భయం అది. చెంగుతో ముఖం తుడుచుకొని, "రేపు పొద్దున్న ఒక్క టిన్ను ముట్టుకుంటే సూడు. ముందు నడువు. ఆ గడియారం ఇటియ్యి. పాడతా పాడతా దాన్నే సూసుకుంటావు" అంది. తీసి తన చేతికి కట్టుకుంది.

మట్టల ఆదివారం. తాటిమట్టలు గాలిలో రెపరెపలాడ, పిల్లలు ముందు వెనుకలు మరచి గెంతులిడ, పాస్టరు షాలేమ్‌రాజు గారి తెల్లని అంగీ ఎండకు మెరయ, అగ్రభాగమున మార్కు నడిచెను. చేతులకు మట్ట దొరికింది గనుక అవి ఏ బండినీ తోయలేదు. ఏ స్తంభము వైపునకును పోలేదు. తోకన ఆటో పాకెను. అందులో మార్కు కోసం ఉంచిన సీటు ఖాళీగా పోవడం ఎందుకని పరిమళ ఎక్కి, రాజులమ్మ మామ్మ పక్కన కూర్చుని, ఆమె ఇచ్చిన వక్క నోట్లో వేసుకొని, చల్లగా, నిమ్మళంగా, ఏడాదికి మొదటిసారి గుండె దడ లేకుండ, ఊరేగింపంతా తిరిగింది.

చర్చి దగ్గర ఆటో ఆగగానే ఆమె మణికట్టు గీరింది. చూసుకుంది. కళ్ళు నులుముకొని మళ్ళీ చూసుకుంది. ఆటోలోంచే కేక వేసింది.

"జెన్నీ నాన్నా! ఇటు సూడు! నీకు ఇరవయ్యేడొచ్చింది!"

పండుగకు అనకాపల్లినుంచి వచ్చిన జెన్నీ పరుగున వచ్చి చూసి, తల్లిని చూసి, ఆటోను చూసి, నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది. మార్కు వచ్చాడు. నారింజ రంగును చూశాడు. నీళ్ళగ్లాసు పూర్తిగా తాగి, "ఊఁ" అన్నాడు.

ఇట్లు, ఎనిమిది దినములు సాగిన మహాసంగ్రామంబున, పదునారును పదునెనిమిదియు ఇరువదియునగు టిన్నుల దండులు భగ్నము కాగా, అదృశ్యశకటము కుక్కచేత ఓడగా, ఎర్రని దుర్గము తుదకు కూలెను! నారింజ పతాకము ఎగిరెను! మార్కు దమ్ము ఒక్క అంకె పెరిగెనని లోకమునకు తెలియునుగాక. పెంచినది, ఆటోలో కూర్చుని వక్క నమలుచు, పరిమళ.